రెండేళ్లు కళ్లతో చూసిన మేనేజర్ నన్ను కాదు, పర్సనాలిటీ టెస్టుని నమ్మారు

వానచినుకు | సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్తే. పోస్టు కాస్త పెద్దది, ఓపిక ఉంటే చదవండి.

మూడు నెలల క్రితం మా ఆఫీసులో టీమ్ బిల్డింగ్ పేరుతో అందరి చేతా ఒక పర్సనాలిటీ టెస్టు రాయించారు. తొంభై చిల్లర ప్రశ్నలు, ప్రతిదానికీ రెండు జవాబులు, ఏదో ఒకటి టిక్కు పెట్టాలి. పదిమందిలో ఉంటే హుషారుగా ఉంటుందా, అలసటగా ఉంటుందా, ఈ రకం ప్రశ్నలు. ఆ పదిమంది ఎవరో చెప్పకుండా ఏం టిక్కు పెడతాం? మా పిన్ని పిల్లలైతే తెల్లారేదాకా కబుర్లు చెప్తాను, రివ్యూ మీటింగయితే పావుగంటకే తల పట్టేస్తుంది. ఆ రోజు నెలాఖరు, నెత్తిమీద పని ఉంది, గబగబా టిక్కులు కొట్టి ఇచ్చేశాను. ఐఎస్‌టీజే అని నాలుగక్షరాలు వచ్చాయి, అందులో మొదటి ఐ అంటే ఇంట్రోవర్ట్, తనలో తాను ఉండే రకమట. నీకేం వచ్చింది, నాకేం వచ్చింది అని అందరం నవ్వుకున్నాం. అక్కడితో అయిపోయిందనుకున్నా.

పోయిన నెల కొత్త క్లయింటుకి ప్రెజెంటేషన్ ఉంది. డేటా మొత్తం నేను తీసిందే, స్లైడ్లు నేను చేసినవే. ముందు రోజు సాయంత్రం మా మేనేజర్ నా సీటు దగ్గరికి వచ్చి "నువ్వు ఇంట్రోవర్ట్‌వి కదమ్మా, నీకు టెన్షన్ ఎందుకని ఇంకొకరిని మాట్లాడమన్నాను" అన్నారు. ఎంత ప్రేమగా అన్నారంటే, కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు సందు దొరకలేదు. గత రెండేళ్లలో నాలుగు ప్రెజెంటేషన్లు ఇచ్చాను, అదే గదిలో, ఆయన ఎదురుగానే. అవేమీ గుర్తు లేవు. ఈ నాలుగక్షరాలు మాత్రం గుర్తున్నాయి.

నిజంగానే అడుగుతున్నా, ఈ టెస్టులు మనిషి గురించి ఎంతవరకు చెప్పగలవు? లేక నేనే ఎక్కువ ఫీలవుతున్నానా?

గోడమీదపిల్లి | సోమవారం, రాత్రి 10:52

ఆయనకి ఏ నాలుగక్షరాలు వచ్చాయో ముందు అది కనుక్కోండి. అప్పుడు మాట్లాడదాం.

సగటుమనిషి | సోమవారం, రాత్రి 11:30

వానచినుకు గారూ, మీరు ఎక్కువేమీ ఫీలవడం లేదు. నా ఉద్యోగమే అంకెలతో, కాబట్టి ఆ కోణంలో చెప్తాను.

ఈ నాలుగక్షరాల టెస్టుల్లో అసలు తిరకాసు మధ్యలో గీసే గీత దగ్గర ఉంది. ఎత్తు తీసుకోండి. ఐదడుగుల ఆరంగుళాల దగ్గర గీత గీసి, పైనున్న వాళ్లు పొడుగు, కిందున్న వాళ్లు పొట్టి, మధ్యలో ఎవరూ లేరు అంటే ఎలా ఉంటుంది? ఐదడుగుల ఐదున్నర అంగుళాల ఆయనా, నాలుగడుగుల పదంగుళాల ఆయనా ఒకే "టైపు" అయిపోతారు. ఐదడుగుల ఆరున్నర అంగుళాల ఆయన మాత్రం వేరే జాతి. మనుషుల కలుపుగోలుతనం కొలిచినా ఎత్తు లాగే ఉంటుంది, ఎక్కువమంది మధ్యలోనే గుమిగూడి ఉంటారు, రెండు చివరలకీ కొద్దిమందే వెళ్తారు. సరిగ్గా జనం కిక్కిరిసి ఉన్న చోటే గీత పడుతుంది. అందుకే రెండు మూడు ప్రశ్నలకి జవాబు మారినా అక్షరం మారిపోతుంది. ఐదు వారాల తర్వాత అదే టెస్టు మళ్లీ రాయిస్తే దాదాపు సగం మందికి నాలుగింట్లో కనీసం ఒక అక్షరం మారిన అధ్యయనాలు ఉన్నాయి. ఐదు వారాల్లో మనిషి మారిపోయాడని కాదు, గీతకి అటు వాడు ఇటు జరిగాడు, అంతే.

మీ రిపోర్టులో అక్షరం పక్కన అంకె ఉంటుంది, చూశారా? చాలామంది అది చూడరు.

హెచ్ఆర్_మనిషినే | మంగళవారం, ఉదయం 7:15

పొద్దున్నే తిట్లు తినడానికి సిద్ధపడి రాస్తున్నా. పన్నెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఇలాంటి టెస్టులు నేనూ పెట్టించాను.

వానచినుకు విషయంలో జరిగింది తప్పే, అందులో అనుమానం లేదు. ఆ టెస్టు తయారుచేసిన వాళ్లే దీన్ని ఉద్యోగానికి మనుషుల్ని ఎంచడానికీ, పనులు పంచడానికీ వాడొద్దని చెప్తారు. కానీ అందరూ టెస్టు మీద పడుతున్నారు, టెస్టు లేకపోతే ఏముంటుందో ఎవరూ అడగడం లేదు. నేను చెప్తాను ఏముంటుందో. "ఆ అబ్బాయి గదిలోకి రాగానే నాకు అర్థమైపోయింది" అనే పెద్దమనుషులు ఉంటారు. తమ కాలేజీలో చదివిన వాడు, తమలా గట్టిగా నవ్వేవాడు, షేక్‌హ్యాండ్ బాగా ఇచ్చినవాడు వాళ్లకి తెలివైనవాడుగా కనిపిస్తాడు. అలాంటి గదుల్లో నేను కూర్చున్నాను. టెస్టు కనీసం అందరినీ ఒకే ప్రశ్న అడుగుతుంది. నోరు లేని అమ్మాయి ఒకామె, ఇంటర్వ్యూలో ఎవరి కంటా పడనిది, పని మీద శ్రద్ధలో మంచి స్కోరు వచ్చిందని రెండోసారి పిలిపించాను. ఇప్పుడు ఆమె కింద తొమ్మిదిమంది ఉన్నారు.

వానచినుకు | మంగళవారం, ఉదయం 8:02

హెచ్ఆర్ గారూ, తిట్టనండీ. మీరు ఆమెని రెండోసారి పిలిచి మాట్లాడారు. నా విషయంలో ఆ రెండోసారి లేదు, అదే బాధ.

సగటుమనిషి గారూ, ఇప్పుడే రిపోర్టు తీసి చూశాను. ఇంట్రోవర్ట్ వైపు 53. ఎక్స్‌ట్రావర్ట్ వైపు 47.

గోడమీదపిల్లి | మంగళవారం, ఉదయం 8:05

అంటే ఆ రోజు కడుపు నిండా టిఫిన్ చేసి ఉంటే ఎక్స్‌ట్రావర్ట్.

పాతకాగితాలు | మంగళవారం, మధ్యాహ్నం 1:20

చరిత్ర కాస్త చెప్తాను, నాకు ఈ పిచ్చి ఉంది.

స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు కార్ల్ యుంగ్ మనుషుల రకాల మీద తన పుస్తకం వేసింది 1921లో. అదే ఏడాది, అదే స్విట్జర్లాండ్‌లో హెర్మన్ రోర్షాక్ మనిషి మనసు తెలుసుకోవడానికని తన సిరా మరకల బొమ్మలు అచ్చువేశాడు, పది బొమ్మలు. యుంగ్ రాసింది చదివి అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ బ్రిగ్స్ మయర్స్ కలిసి ఈ నాలుగక్షరాల టెస్టు తయారుచేశారు. ఇద్దరూ సైకాలజీ చదివినవాళ్లు కాదు. కూతురు అంతకుముందు డిటెక్టివ్ నవలలు రాసింది. ఇది తక్కువ చేసి చెప్పడం లేదు, రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఎవరికి ఏ పని నప్పుతుందో తెలిస్తే జనం సుఖపడతారు కదా అని మంచి మనసుతోనే మొదలుపెట్టారు. ఆఫీసుల్లో తిరిగే ఇంకో టెస్టు ఉంది, డిస్క్ అని నాలుగు రంగుల్లో వస్తుంది, దాని మూలం విలియం మార్‌స్టన్ 1928లో రాసిన సిద్ధాంతం. ఆయనే తర్వాత వండర్ ఉమన్ అనే కామిక్ పాత్రని సృష్టించాడు. ఇప్పుడు మీ టీమ్ లీడ్ "నాది ఎరుపు" అన్నప్పుడు ఈ ముక్క గుర్తు తెచ్చుకోండి, మీటింగ్ హాయిగా గడిచిపోతుంది.

అసలు చెప్పాలనుకున్నది మాత్రం ఫోరర్ సంగతి. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే సైకాలజీ టీచరు తన క్లాసులో 39 మందికి టెస్టు పెట్టి, వారం ఆగి, ఎవరి రిపోర్టు వాళ్లకి విడిగా ఇచ్చాడు. మీ గురించి ఎంత సరిగ్గా ఉందో అయిదుకి మార్కులు వేయమన్నాడు. సగటున 4.26 వేశారు. తర్వాత తెలిసిందేమిటంటే అందరికీ ఇచ్చింది ఒక్కటే రిపోర్టు. వాక్యాల్ని కొట్లో అమ్మే జ్యోతిషం పుస్తకంలోంచి ఏరుకొచ్చాడాయన. పదిమంది మెచ్చుకోవాలని మీకు ఉంటుంది, పైకి ధైర్యంగా ఉన్నా లోపల దిగులు పడతారు, ఒక్కోసారి కలుపుగోలుగా ఒక్కోసారి ముభావంగా ఉంటారు... ఇవి ఎవరికి సరిపోవు చెప్పండి. "అచ్చం నన్ను చూసి రాసినట్టే ఉంది" అని మనకి అనిపించడం టెస్టు గొప్పతనానికి రుజువు కాదు.

కిటికీపక్కసీటు | మంగళవారం, రాత్రి 9:10

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి నా కథ చెప్తాను.

చిన్నప్పట్నుంచి ఇంటికి ఎవరొచ్చినా నేను గదిలోకి వెళ్లిపోయేదాన్ని. "దీనికి పొగరు", "దీనికి మనుషులు పడరు" ఇవే విన్నాను. ఇరవై ఆరేళ్లప్పుడు ఒక రాత్రి ఆన్‌లైన్‌లో టెస్టు రాశాను. వచ్చిన పేజీ చదువుతూ ఏడ్చాను. నాలాంటి వాళ్లు చాలామంది ఉన్నారనీ, మనుషులంటే ఇష్టం లేక కాదు, ఒంటరిగా కాసేపు ఉంటే తేరుకునే రకమనీ మొదటిసారి ఎవరో చెప్పారు. ఆ పేజీ సైన్సా కాదా అని నాకు ఆ రాత్రి పట్టలేదు. ఫోరర్ పేజీయే అయినా సరే, నా తప్పేమీ లేదని చెప్పిన మొదటి పేజీ అది.

అయితే ఇంకో సగం కూడా చెప్పాలి. తర్వాత మూడు నాలుగేళ్లు ఆ మాటని గొడుగులా వాడుకున్నాను. స్నేహితురాలి నాన్నగారు పోయారు, వెళ్లలేదు. "నేను ఇంట్రోవర్ట్‌ని, అంతమందిలో నావల్ల కాదు" అని మెసేజ్ పెట్టాను. ఆమె ఏమీ అనలేదు. ఇప్పటికీ ఏమీ అనదు, అసలు మాట్లాడదు. వెళ్లి ఓ మూల పది నిమిషాలు కూర్చుని రావడం నావల్ల అయ్యేదే. నాకు తెలుసు అది.

గోడమీదపిల్లి | మంగళవారం, రాత్రి 9:48

అక్కా, మీ పోస్టుకి జోకు వేయలేను. పక్కన పెడుతున్నా.

ఉద్యోగం కోసం టెస్టు రాసే వాళ్ల సంగతి మాత్రం నేను చెప్పాలి, అనుభవజ్ఞుణ్ణి. ఒకచోట కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి రాయించారు. "నేను ఎప్పుడూ సమయానికి వస్తాను" అనే వాక్యం ఎదురుగా. పూర్తిగా అంగీకరిస్తాను, కొంత అంగీకరిస్తాను, ఇలా ఐదు గుండ్రాలు. ఆ టెస్టుకే నేను ఇరవై నిమిషాలు లేటుగా వెళ్లాను, ఇంకా ఆయాసం తగ్గలేదు. పూర్తిగా అంగీకరిస్తాను మీద నొక్కాను. ఉద్యోగం కావాల్సినవాడు ఇంకేం నొక్కుతాడండీ? "నాకు కోపం త్వరగా వస్తుంది", అస్సలు కాదు. "ఇతరుల బాధ నాకు పట్టదు", ఛ ఛ. ఆ రోజు ఆ గదిలో రాసిన నలభైమందిమీ మహాత్ములమే. చివర్లో రిజల్టు చూస్తే నాకు క్రమశిక్షణలో ఎక్కువ స్కోరు వచ్చింది.

రాత్రిబండి | బుధవారం, అర్ధరాత్రి 12:35

పిల్లిగారు అబద్ధం తెలిసి చెప్పారు. తెలియకుండా చెప్పేవాళ్ల సంగతేమిటి?

మా నాన్నగారి చేత మా చెల్లి సరదాకి ఫోన్లో టెస్టు రాయించింది. ఆవిడ చదువుతుంటే ఈయన కళ్లు మూసుకుని జవాబులు. "మీరు త్వరగా కంగారు పడతారా?" "నేనా? అస్సలు పడను." అమ్మ వంటింట్లోంచి నవ్వింది, ఆయన పట్టించుకోలేదు. ఆ రాత్రే నేను పని నుంచి రావడం గంటన్నర ఆలస్యమైంది, ఫోన్లో ఛార్జింగ్ లేదు. వచ్చేసరికి వరండా లైటు వెలుగుతోంది, గేటు గొళ్లెం తీసి ఉంది, చెప్పులు లోపల ఉండాల్సినవి గేటు దగ్గర ఉన్నాయి. నన్ను చూసి "గాలి కోసం బయటికి వచ్చాను" అని లోపలికి వెళ్లిపోయారు. చెల్లి చెప్పింది, గేటు దాకా ఎన్నిసార్లు వెళ్లొచ్చారో లెక్కపెట్టడం మానేసిందట. మర్నాడు కావాలని మళ్లీ అడిగింది. "కంగారు పడతావా నాన్నా?" "చెప్పాను కదే, పడను."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయన దృష్టిలో అది కంగారు కాదు. గేటు సరిగ్గా వేసి ఉందో లేదో చూడడం.

సగటుమనిషి | బుధవారం, ఉదయం 7:50

రాత్రిబండి గారూ, ఎంత బాగా చెప్పారు. కానీ పరిశోధన మీ కథకి కొంచెం అడ్డం తిరుగుతుంది, క్షమించాలి.

సిమిన్ వజీర్ అనే సైకాలజిస్టు 2010లో సరిగ్గా ఇదే చూసింది, మన గురించి మనకి ఎక్కువ తెలుసా, పక్కవాళ్లకా అని. లోపల పడే ఆందోళన లాంటివి ఎవరికి వాళ్లకే బాగా తెలుస్తాయని తేలింది, పైకి కనపడవు కదా. తెలివితేటలు, సృజన లాంటి, మనం గొప్పలకి పోయే వాటిలో మాత్రం స్నేహితులు చెప్పిందే ఎక్కువ నిజమైంది. మీ నాన్నగారి కేసు మొదటి రకం, అయినా తిరగబడింది. సగటు ఒకటి చెప్తుంది, మీ వరండా ఇంకోటి చెప్తుంది. రెండూ నిజమే అయి ఉండొచ్చు.

కౌన్సెలింగ్‌గది | బుధవారం, మధ్యాహ్నం 2:30

నేను క్లినికల్ సైకాలజిస్టుని. ఇలాంటి చర్చల్లో దూరను, కానీ మా పనిముట్ల మీద మాట నడుస్తోంది కాబట్టి.

మేమూ టెస్టులు వాడతాం. ఎంఎంపీఐ అని ఒకటి ఉంది, మానసిక సమస్యల్ని అంచనా వేయడానికి వాడేది, 1943 నాటిది, ఇప్పటికి చాలాసార్లు మార్చారు. ఒక రూపంలో 567 వాక్యాలు, అవును కాదు అని పెట్టుకుంటూ పోవాలి. అందులో పిల్లిగారి లాంటి వాళ్ల కోసమే విడిగా స్కేళ్లు ఉంటాయి. "నాకు అప్పుడప్పుడు కోపం వస్తుంది" తరహా మాటలకి వరసగా కాదు కొట్టుకుంటూ పోతే, ఈ కాగితాన్ని జాగ్రత్తగా చదవమని అదే చెప్తుంది. అంత పెద్ద టెస్టు కూడా నా టేబుల్ మీద ఒంటరిగా ఎప్పుడూ కూర్చోదు. మనిషితో గంటలు మాట్లాడతాం, ఇంట్లోవాళ్లతో మాట్లాడతాం, నిద్ర ఎలా ఉంది, ఈ మధ్య ఏం జరిగింది, ఏ మందులు వాడుతున్నారు, అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తాం. టెస్టు చెప్పిందీ మనిషి చెప్పిందీ పొసగకపోతే అక్కడే అసలు పని మొదలవుతుంది.

ఇంకొకటి. ఈ పేర్లు వర్ణన మాత్రమే, కారణం కాదు. నా దగ్గరికి వచ్చిన ఒక తండ్రి (వివరాలు మార్చి చెప్తున్నా) కొడుకు గురించి అన్నమాట ఇది: "వాడు ఇంట్రోవర్టండీ, అందుకే మాట్లాడడు." ఇంట్రోవర్ట్ అని ఎలా తెలిసింది అన్నాను. "మాట్లాడడు కదండీ." ఈ గుండ్రంలో ఆయన రెండేళ్లుగా తిరుగుతున్నాడు. బడిలో వాణ్ణి పిల్లలు ఏడిపిస్తున్నారని మూడో వారానికి గానీ బయటికి రాలేదు. పేరు దొరకగానే వెతకడం ఆపేశారు, అంతే జరిగింది.

పాతకాగితాలు | బుధవారం, సాయంత్రం 6:05

నాన్నగారి "కంగారు" నన్ను వదలడం లేదు. ఇది మాట దగ్గర కూడా ఉంది.

కంగారు అంటే కొందరికి భయం, కొందరికి తొందరపాటు, కొందరికి చేతులు వణకడం. టెస్టు మాత్రం అందరూ ఒకే అర్థంలో తీసుకున్నారని నమ్మి లెక్క కడుతుంది. అనువాదాలైతే చెప్పక్కర్లేదు. ఇంగ్లిషు టెస్టుల్లో బాగా వాడే వాక్యం ఒకటి ఉంది, నలుగురూ చేరినచోట సందడంతా నాదే అనే అర్థంలో. దాన్ని ఒకాయన "నేను పార్టీకి ప్రాణం" అని తెలుగు చేశాడు. నేను చదివి కార్యకర్తల కోసం పెట్టిన టెస్టేమో అనుకున్నా.

ఇప్పుడు పేరున్న, మనిషిని ఐదు గుణాలతో కొలిచే బిగ్ ఫైవ్ లాంటివి కూడా మాటల్లోంచే పుట్టాయి. గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్‌బర్ట్ అనే సైకాలజిస్టులు 1936లో ఇంగ్లిషు నిఘంటువు ముందేసుకుని మనుషుల్ని వర్ణించే మాటలు దాదాపు 18 వేలు ఏరారు. తర్వాతివాళ్లు వాటిని వడపోస్తూ పోస్తూ చివరికి ఐదు గుణాల దగ్గర తేలారు: కలుపుగోలుతనం, మంచితనం, పని మీద శ్రద్ధ, ఆందోళన, కొత్తవాటి మీద ఆసక్తి. మనుషుల మధ్య ముఖ్యమైన తేడా ఏదైనా సరే భాషలో మాటగా నిలుస్తుందని వాళ్ల నమ్మకం, అందులో పస ఉంది. అయితే ఇంగ్లిషు నిఘంటువు బదులు మన నిఘంటువు తీసి ఉంటే? మొహమాటం ఏ డబ్బాలో పడుతుంది చెప్పండి. సిగ్గు కాదు, భయం కాదు, ఇంట్రోవర్షన్ అసలే కాదు. ఊరందరితో కలిసిమెలిసి తిరిగే మనిషికి కూడా అప్పు తిరిగి అడగాలంటే మొహమాటం. చాదస్తం? అతి శ్రద్ధ అందామా? చాదస్తం ఉన్నాయన వేరే పనుల్లో ఎంత అశ్రద్ధగా ఉంటాడో ఇంట్లోవాళ్లని అడగండి. పౌరుషం, పెంకితనం, నంగనాచితనం, వీటికి గుండ్రాలు ఎక్కడ?

ఇది నా పైత్యం మాత్రమే కాదు. బొలీవియాలో త్సిమానే అనే జనం, అడవి అంచున వేట, సాగు మీద బతికేవాళ్లు, వాళ్లలో 632 మంది మీద ఈ ఐదు గుణాల ప్రశ్నలు ప్రయోగించి 2013లో ఫలితాలు వేశారు. ఐదు తేలలేదు. నలుగురితో మెలగడం ఒకటి, కష్టపడే గుణం ఒకటి, సుమారుగా ఈ రెండు గుంపులే కనపడ్డాయి.

వానచినుకు | బుధవారం, సాయంత్రం 6:40

అయ్యో పాతకాగితాలు గారూ, మొహమాటం!! నేను ఆ టెస్టులో "ఎవరైనా పని చెప్తే కాదనలేరా" లాంటి వాటికి పెట్టిన టిక్కులన్నీ మొహమాటం టిక్కులే. మేనేజర్ ఆ మాట చెప్పినప్పుడు "లేదు సార్, నేనే మాట్లాడతాను" అనలేకపోయింది కూడా అందుకే.

హెచ్ఆర్_మనిషినే | బుధవారం, రాత్రి 8:15

ఒప్పుకుంటాను, చాలా వాటికి ఒప్పుకుంటాను. కానీ రేపు పొద్దున నాకు నాలుగొందల అప్లికేషన్లు వస్తాయి. ప్రతి ఒక్కరి వరండా దగ్గరికి వెళ్లి గేటు గొళ్లెం చూడలేను కదా. ఏం వాడమంటారు?

కౌన్సెలింగ్‌గది | బుధవారం, రాత్రి 10:20

న్యాయమైన ప్రశ్న. చేయాల్సిన పనిలో చిన్న ముక్క చేయించి చూడండి, అందరినీ ఒకే ప్రశ్నలు ఒకే వరసలో అడగండి, జవాబులకి మార్కులు ఎలా వేస్తారో ముందే రాసిపెట్టుకోండి. మీకు ఇవి తెలిసినవే. టెస్టు స్కోరు ఉంటే చివర్లో చూడండి, మొదట చూస్తే మనిషి గదిలోకి వచ్చే ముందే మీ తలలో కూర్చుంటుంది.

గుణం కంటే సందర్భం ఎంత లాగుతుందో చూపించిన ప్రయోగం ఒకటుంది, విద్యార్థులకి నేను ఎప్పుడూ చెప్తాను. డార్లీ, బాట్సన్ అని ఇద్దరు సైకాలజిస్టులు, 1973లో ప్రచురించారు. క్రైస్తవ బోధకులు కావడానికి చదువుతున్న నలభైమంది విద్యార్థులు. ముందు వాళ్ల చేత మతం వాళ్లకి ఏమిటో తెలిపే ప్రశ్నపత్రాలు నింపించారు. తర్వాత పక్క భవనానికి వెళ్లి చిన్న ప్రసంగం చేయమన్నారు, సగం మందికి అంశం ఏమిటనుకున్నారు, దారిలో పడి ఉన్నవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడి కథ, బైబిల్లోది. వెళ్లే దారిలో ఒక గుమ్మం దగ్గర మనిషి తల వాల్చేసి దగ్గుతూ మూలుగుతూ ఉన్నాడు, ప్రయోగం చేసినవాళ్లు పెట్టిన మనిషే. బోలెడు టైముందని చెప్పి పంపిన వాళ్లలో 63 శాతం ఆగారు. సరిగ్గా టైముకి అందుకుంటావని చెప్పిన వాళ్లలో 45 శాతం. ఇప్పటికే లేటయ్యావు, పరుగెత్తు అని పంపిన వాళ్లలో 10 శాతం. ఎవరు ఆగుతారో ఎవరు ఆగరో ఆ ప్రశ్నపత్రాలు చెప్పలేకపోయాయి. చేతిలో ఉన్న ప్రసంగం కూడా పెద్దగా తేడా తేలేదు. మంచి సమరయుడి గురించి చెప్పడానికి వెళ్తూ ఆ మనిషిని దాటుకుని పోయారు కొందరు.

సగటుమనిషి | బుధవారం, రాత్రి 11:05

ఇది ఒక్కటే విని గుణమనేదే లేదు, అంతా సందర్భమే అనుకోకండి, అదీ పొరపాటే. 1968లో వాల్టర్ మిషెల్ అనే సైకాలజిస్టు ఇదే గొడవ లేవదీశాడు. గుణాల స్కోరుకీ, ఏదో ఒక సందర్భంలో మనిషి చేసే పనికీ మధ్య సంబంధం (అసలు లేకపోతే 0, పూర్తిగా ఉంటే 1) సాధారణంగా 0.3 దాటడం లేదన్నాడు. 0.3ని దానితోనే గుణిస్తే 0.09, అంటే మనుషుల మధ్య కనిపించే తేడాలో ఓ తొమ్మిది శాతం దీనివల్ల అని చెప్పుకోవచ్చు. మిగతా తొంభై ఒకటి వేరే సంగతులు. దాని మీద ఇరవై ఏళ్లు కొట్టుకున్నారు. చివరికి తేలిందేమిటంటే, ఒక్కరోజు ఒక్క పనిని ఊహించడానికి స్కోరు పనికిరాదు, కానీ ఏడాది పొడుగునా వందల సందర్భాలు కలిపి సగటు తీస్తే గుణం బాగానే బయటపడుతుంది. వాతావరణం లాంటిదే, జూలైలో వానలు ఎక్కువ అని చెప్పొచ్చు, పదకొండో తారీఖు సాయంత్రం గొడుగు కావాలో లేదో చెప్పలేం.

వానచినుకు గారి మేనేజర్ చేసింది ఇదే. జూలై అన్నారు కాబట్టి పదకొండో తారీఖు ప్రయాణం రద్దు చేశారు. బయట ఎండ కాస్తోంది, తల తిప్పి చూస్తే చాలు.

రాత్రిబండి | గురువారం, అర్ధరాత్రి 1:10

మా నాన్నకి ఈ ఐదు గుణాల టెస్టు ఇంకోసారి రాయిద్దామా అంటే చెల్లి వద్దంది. అమ్మ చేత నాన్న గురించి రాయించిందట. ఆందోళన దగ్గర ఐదుకి ఐదు వేసి, కింద చోటు లేకపోయినా పెన్నుతో "పాపం" అని రాసిందట.

కిటికీపక్కసీటు | గురువారం, ఉదయం 9:30

వానచినుకు, ఒక్కమాట. మేనేజర్ దగ్గరికి వెళ్లి టెస్టు తప్పని వాదించకు. వాదనలో ఆయన గెలుస్తారు, ఆయన దగ్గర రంగుల పేజీలున్నాయి. తర్వాతి ప్రెజెంటేషన్ తారీఖు పడగానే "ఇది నేను చేస్తాను" అని మెయిల్ పెట్టేయి. మెయిల్లో మొహమాటం తక్కువ.

వానచినుకు | మూడు వారాల తర్వాత, శుక్రవారం, రాత్రి 9:20

అప్‌డేట్ ఇస్తానని కొందరికి మెసేజ్‌లో చెప్పాను, ఇదిగో.

అక్కా, మీరన్నట్టే మెయిల్ పెట్టాను. రెండు లైన్లు. పెట్టాక అరగంట ఫోన్ బోర్లించి పెట్టుకున్నా. "సరే, నీకు ఓకే అయితే" అని జవాబు వచ్చింది.

నిన్న ఇచ్చాను. అద్భుతంగా ఏమీ జరగలేదు. మూడో స్లైడు దగ్గర ఒక పాయింటు మర్చిపోయాను, రిమోట్ రెండుసార్లు నొక్కి ఒక స్లైడు దాటేసి మళ్లీ వెనక్కి వచ్చాను. చివర్లో క్లయింటు వైపు నుంచి ఒకావిడ, రెండో త్రైమాసికంలో అంకెలు ఎందుకు పడ్డాయి అని అడిగారు. ఆ డేటా తీసింది నేనే కాబట్టి ఏ నెలలో ఏ రిపోర్టు లేటయిందో, దానివల్ల లెక్క ఎలా పక్కకి జరిగిందో నిలబడే చెప్పాను. ఆవిడ రాసుకున్నారు. పోయినసారి మాట్లాడిన కొలీగ్ దగ్గర ఇదే ప్రశ్నకి "కనుక్కుని చెప్తాం" అనే జవాబు వచ్చిందట.

బయటికి వచ్చాక మేనేజర్ చాలా సంతోషంగా భుజం తట్టి ఏమన్నారో తెలుసా? "ఇంట్రోవర్ట్ అయ్యుండి కూడా భలే మాట్లాడావమ్మా!"

సగటుమనిషి | శుక్రవారం, రాత్రి 9:31

ఐదోసారి కూడా కళ్లు కాదు, కాగితమే గెలిచిందన్నమాట.

గోడమీదపిల్లి | శుక్రవారం, రాత్రి 9:33

నా ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఆయనకి ఏ నాలుగక్షరాలు వచ్చాయి?

వానచినుకు | శుక్రవారం, రాత్రి 9:40

నిన్ననే అడిగాను. ఆ రోజు ఆయనకి వేరే మీటింగ్ ఉందట. రాయలేదు.